పడిన చోటు కాదు, పడిన కారణం వెదకండి

ఫజ్ర్ అజాన్ ఇంకా వినిపించలేదు. ఇంటి వెనుక కుళాయి దగ్గర 68 ఏళ్ల దాదీ వుజూ చేస్తున్నారు. చేతులు, ముఖం కడుక్కున్నారు. తల తడుపుకున్నారు. కుడి పాదం కడగడం పూర్తయింది. ఎడమ పాదం ఎత్తిన మరుక్షణం ఒళ్లు పక్కకు ఒరిగింది. గోడకోసం చాచిన చేయి గోడను అందుకోలేకపోయింది. చప్పుడు విని కోడలు పరుగున వచ్చేసరికి ఆమె నేల మీద ఉన్నారు. మణికట్టు వాచింది గాని ఎముక విరగలేదు. “ఏమీ లేదు బేటీ, నేల తడిగా ఉంది, కాలు జారింది” అన్నారామె.

ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక నిర్ణయం తీసుకున్నారు. “అమ్మీ, ఇకపై మీరు ఒంటరిగా మంచం దిగవద్దు. వుజూకు నీళ్లు మేమే తెచ్చిస్తాం. నమాజు కూర్చునే చేసుకోండి. వంటగదిలోకి అసలే రావద్దు.” ఆ మాటల్లో కాఠిన్యం లేదు, ఉన్నదంతా ప్రేమే. అయినా రెండు నెలలు తిరిగేసరికి దాదీ మరొకరి చేయి పట్టుకోనిదే మంచం మీదనుండి లేవలేని స్థితికి వచ్చారు.

ఇది ఒక్క ఇంటి ఉదంతం కాదు. ఎన్నో ఇళ్లలో జరుగుతున్నదాన్ని ఒకచోట చేర్చి చెప్పినది మాత్రమే. ఆ ఇళ్లన్నింటిలోనూ పెద్దలు ఎక్కడ పడిపోయారన్నది అందరికీ తెలుసు. ఎందుకు పడిపోయారన్నది మాత్రం ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్నను ఓపికగా, వరుస తప్పకుండా అడిగే విద్యనే ఫిజియోథెరపీలో సమతౌల్య పరీక్ష అంటారు. దాన్ని గురించి తెలుసుకోవడం వైద్యులకే పరిమితమైన పని కాదు. పెద్దలున్న ప్రతి ఇంటికీ అవసరమైన విషయమది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది పడిపోవడం వల్ల ప్రాణాలు కోల్పోతున్నారు. ప్రమాదవశాత్తు సంభవించే మరణాలలో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం దీనిదే. ఈ మరణాలలో 80 శాతానికి పైగా అల్పాదాయ, మధ్యాదాయ దేశాలలోనే జరుగుతున్నాయి. రోడ్డు ప్రమాదమంటే భయపడే మనం, స్నానాల గది గడప దగ్గర జరిగే ప్రమాదాన్ని “వయసు మీద పడింది” అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నాం.

ముగ్గురు సాక్షులు, ఒక న్యాయమూర్తి

నిటారుగా నిలబడటం చూడటానికి ఏ శ్రమా లేని పనిలా కనిపిస్తుంది. నిజానికి అది క్షణక్షణమూ జరిగే ఒక విచారణ. శరీరం ఇప్పుడు ఏ భంగిమలో ఉంది, ఎటు ఒరుగుతోంది అన్న విషయాన్ని మెదడుకు ముగ్గురు సాక్షులు నివేదిస్తుంటారు. మొదటి సాక్షి కన్ను. గోడలు, గుమ్మాలు, నేల ఏ తీరున ఉన్నాయో అది చూసి చెబుతుంది. రెండవ సాక్షి చెవి లోపలి భాగం. అక్కడి మూడు అర్ధచంద్రాకార నాళికలు తల ఎటు తిరిగిందో చెబుతాయి, వాటి పక్కనే ఉన్న సూక్ష్మమైన సున్నపు రేణువులున్న సంచులు తల ఎటు వంగిందో చెబుతాయి. మూడవ సాక్షి పాదాల స్పర్శ, కీళ్ల నుండి అందే సమాచారం. నేల గట్టిదో మెత్తదో, బరువు మడమ మీద ఉందో వేళ్ల మీద ఉందో అది తెలియజేస్తుంది.

ఈ ముగ్గురి వాంగ్మూలాన్ని మెదడు, ముఖ్యంగా చిన్నమెదడు సరిపోల్చి తీర్పు ఇస్తుంది. ఆ తీర్పును అమలుచేసేవి చీలమండ, పిక్క, తొడ, తుంటి కండరాలు. సాక్షులలో ఒకరు బలహీనపడినా మిగిలిన ఇద్దరూ ఆ లోటును కొంతవరకు పూడ్చగలరు. అందుకే లోపం చాలాకాలం బయటపడదు.

దాదీ విషయమే చూడండి. పదిహేనేళ్లుగా ఆమెకు మధుమేహం ఉంది. పాదాలలో స్పర్శ క్రమంగా మొద్దుబారింది. అంటే మూడవ సాక్షి ఏనాడో మౌనం వహించాడు. అయినా పగటివేళ కన్ను ఆ లోటును కప్పిపుచ్చుతూ వచ్చింది. తెల్లవారుజామున వెలుగు లేదు, కంటి సాక్ష్యమూ లేదు. పైగా ఒంటికాలి మీద నిలబడే సమయమది. తడినేల నిందను మోసింది గాని, పడటానికి ఏర్పాట్లు అంతకు చాలాకాలం ముందే జరిగిపోయాయి.

పరీక్ష మాటలతో మొదలవుతుంది

అనుభవజ్ఞుడైన ఫిజియోథెరపిస్టు రోగిని వెంటనే నడిపించడు. ముందు కూర్చోబెట్టి మాట్లాడతాడు. గత ఏడాదిలో ఎన్నిసార్లు పడ్డారు? పడబోయి నిలదొక్కుకున్న సందర్భాలు ఎన్ని? పడినప్పుడు ఏం చేస్తున్నారు? ఎటు పడ్డారు? ముందు కళ్లు చీకట్లు కమ్మాయా, గది గిర్రున తిరిగిందా, లేక ఏ హెచ్చరికా లేకుండా కాలు మడతపడిందా? స్పృహ తప్పిందా? పడ్డాక తనంతట తాను లేవగలిగారా?

“తల తిరుగుతోంది” అన్న ఒక్క మాట వెనుక ఎన్నో వేర్వేరు బాధలుంటాయి. పరిసరాలు సుడిగాలిలా తిరగడం వేరు, లేచి నిలబడగానే స్పృహ తప్పినట్లు అనిపించడం వేరు, తల బాగానే ఉండి కాళ్లు మాత్రం తడబడటం వేరు. వీటిని విడదీసి చెప్పగలిగితే రోగ నిర్ధారణలో సగం దూరం నడిచినట్లే.

ఈ విషయంలో మన ఇళ్లలోని పెద్దలకు ఒక సౌలభ్యం ఉంది. రోజుకు ఐదుసార్లు వారు ఒకే క్రమంలో వుజూ చేస్తారు, నిలబడతారు, వంగుతారు, సజ్దా చేస్తారు, లేస్తారు. ఏ కదలికలో ఇబ్బంది కలుగుతోందో జాగ్రత్తగా గమనించి చెబితే అది పరీక్షించేవారికి అమూల్యమైన ఆధారమవుతుంది.

ముఖం కడుక్కోవడానికి కళ్లు మూసుకోగానే తూలుతున్నారంటే, పాదాల స్పర్శ తగ్గి ఆ భారమంతా కన్నే మోస్తోందేమోనని అనుమానించాలి. ఒక పాదం ఎత్తి కడిగేటప్పుడు పక్కకు ఒరుగుతున్నారంటే తుంటి పక్కభాగపు కండరాల బలం చూడాలి. సజ్దాలోకి తల వంచినప్పుడో, పడుకుని పక్కకు తిరిగినప్పుడో పరిసరాలు కొద్దిక్షణాలు గిర్రున తిరిగితే లోపలి చెవి మీదికి దృష్టి పోవాలి. సజ్దా నుండి లేచి నిలబడ్డాక కళ్లు చీకట్లు కమ్మితే రక్తపోటు చూడాలి. లేవడానికి రెండు చేతులూ నేలకు ఆనించక తప్పడం లేదంటే తొడ కండరాలు క్షీణించాయేమో పరిశీలించాలి. ఇవి నిర్ధారణలు కావు, ఏ తలుపు ముందు తట్టాలో చెప్పే గుర్తులు మాత్రమే.

వాడుతున్న మందుల చీటీలన్నీ వెంట తీసుకువెళ్లడం మరవకూడదు. నిద్రమాత్రలు, కొన్ని రక్తపోటు మాత్రలు, మూత్రం ఎక్కువగా పోయించే మందులు, మానసిక వ్యాధులకు వాడే కొన్ని మందులు తూలుడుకు కారణమవుతాయి. మధుమేహానికి మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి బి12 విటమిన్ తగ్గి నరాలు దెబ్బతినవచ్చు. అలాగని ఎవరూ తమంతట తాము మందులు మానకూడదు. వాటి సంగతి వైద్యుడే తేల్చాలి.

కొలిచి చూసే పరీక్షలు

మాటలయ్యాక కొలతలు మొదలవుతాయి. రోగిని కొద్దిసేపు పడుకోబెట్టి రక్తపోటు చూస్తారు. లేచి నిలబడ్డాక మళ్లీ చూస్తారు. నిలబడిన మూడు నిమిషాలలోపు పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని అంతకంటే ఎక్కువగాని పడిపోతే అది లెక్కలోకి తీసుకోవలసిన విషయం. తరువాత మేజోళ్లు విప్పించి పాదాలు పరీక్షిస్తారు. సన్నని నైలాన్ తంతువును అరికాలికి ఆనించి స్పర్శ తెలుస్తున్నదీ లేనిదీ కనుక్కుంటారు. కంపించే శ్రుతిదండాన్ని బొటనవేలి ఎముక మీద ఉంచి అదురు తెలుస్తోందా అని అడుగుతారు.

కళ్లు మూయించి చేసే పరీక్ష చాలా పాతది. 19వ శతాబ్దానికి చెందిన జర్మన్ వైద్యుడు మోరిట్జ్ రాంబెర్గ్ పేరుతో అది నేటికీ చలామణిలో ఉంది. రెండు పాదాలూ దగ్గరగా చేర్చి నిలబడాలి. ముందు కళ్లు తెరిచి, తరువాత మూసి. కళ్లు తెరిచినప్పుడు స్థిరంగా ఉండి, మూయగానే పడబోతే పాదాల నుండి గాని లోపలి చెవి నుండి గాని రావలసిన సమాచారం సరిగా రావడం లేదని అర్థం. కళ్లు తెరిచి ఉన్నా నిలవలేకపోతే చిన్నమెదడు వంటి ఇతర కారణాలను వెదకాలి. ఏ పరికరమూ లేకుండా, ఒక్క నిమిషంలో ఇంత తెలియజెప్పే పరీక్షలు వైద్యంలో అరుదు.

దాని ఆధారంగానే 1986లో అమెరికాకు చెందిన ఆన్ షమ్వే కుక్, ఫే హోరాక్ అనే ఇద్దరు ఫిజియోథెరపిస్టులు మరొక పరీక్ష రూపొందించారు. గట్టినేల మీద, మెత్తని ఫోమ్ దిండు మీద, కళ్లు తెరిచి, కళ్లు మూసి రోగిని నిలబెడతారు. ఫోమ్ మీద నిలబడితే పాదాలు ఇచ్చే సమాచారం నమ్మదగినదిగా ఉండదు. కళ్లు కూడా మూస్తే ఇక లోపలి చెవి ఒక్కటే దిక్కు. ఇలా ఒక్కొక్క సాక్షినీ పక్కనబెట్టి, మిగిలినవారి బలమెంతో తేలుస్తారు.

అన్నింటికంటే విరివిగా వాడేది కుర్చీ పరీక్ష. 1991లో పోడ్సియాడ్లో, రిచర్డ్‌సన్ అనే ఇద్దరు ప్రతిపాదించారు. చేతులున్న కుర్చీలోనుండి లేచి, మూడు మీటర్లు మామూలు వేగంతో నడిచి, వెనుదిరిగి వచ్చి మళ్లీ కూర్చోవాలి. రోజూ తొడిగే చెప్పులు, రోజూ వాడే ఊతకర్రతోనే నడవాలి. దీనికి 12 సెకన్లు లేదా అంతకంటే ఎక్కువ పట్టిన వృద్ధులకు పడిపోయే ముప్పు ఎక్కువని అమెరికాలోని వ్యాధుల నియంత్రణ కేంద్రాలు పరిగణిస్తున్నాయి. అయితే నేర్పరి చూపు స్టాప్‌వాచీ మీద మాత్రమే ఉండదు. లేచేటప్పుడు చేతులు ఆనించారా, మొదటి అడుగు తడబడిందా, తిరిగేటప్పుడు ఎన్ని చిన్న అడుగులు వేశారు, కూర్చునేటప్పుడు నెమ్మదిగా దిగారా లేక ఒక్కసారిగా కూలబడ్డారా అన్నవన్నీ గమనిస్తారు.

మరొక పరీక్షలో చేతులు రెండూ ఛాతీపై కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోనుండి ఎన్నిసార్లు లేచి నిలబడగలరో లెక్కిస్తారు. 65 నుండి 69 ఏళ్ల స్త్రీలు 11 సార్లకంటే తక్కువ లేస్తే, అదే వయసు పురుషులు 12 సార్లకంటే తక్కువ లేస్తే కాళ్లలో బలం తగ్గిందని భావిస్తారు. ఇంకొక దానిలో నాలుగు భంగిమలుంటాయి. పాదాలు పక్కపక్కన, ఒకటి కాస్త ముందుకు, ఒకదాని ముందు ఒకటి మడమకు వేలు తగిలేలా, చివరికి ఒంటికాలి మీద. ఒక్కొక్కటి 10 సెకన్లు. మూడవ భంగిమలో 10 సెకన్లు నిలవలేనివారికి ముప్పు హెచ్చు.

గోడ పక్కన నిలబడి, చేయి ముందుకు చాచి, పాదం కదపకుండా ఎంత దూరం వంగగలరో కొలిచే పరీక్షను 1990లో పమేలా డంకన్ బృందం వెలువరించింది. 25 సెంటీమీటర్లు అందుకోగలిగితే మంచిదే. 15 సెంటీమీటర్లు కూడా దాటలేకపోతే జాగ్రత్తపడాలి. అలమారలోని గిన్నె కోసం చేయి చాచడం ఎందరినో పడవేస్తుందని తెలిసినవారికి ఈ కొలత విలువ వెంటనే అర్థమవుతుంది.

కెనడాకు చెందిన కేథరిన్ బెర్గ్ 1989లో ప్రకటించిన కొలమానం మరింత సమగ్రమైనది. ఆధారం లేకుండా కూర్చోవడం, నేలమీది వస్తువు తీయడం, వెనక్కి తిరిగి చూడటం, గుండ్రంగా తిరగడం, పీట మీద ఒక్కో పాదం మార్చి మార్చి పెట్టడం వంటి 14 పనులు చేయిస్తారు. ఒక్కొక్కదానికి సున్నా నుండి నాలుగు మార్కులు, మొత్తం 56. చాలాచోట్ల 45ను హద్దుగా తీసుకుంటారు.

మాట్లాడితే ఆగిపోయే అడుగులు

పరీక్ష గదిలో చక్కగా నడిచినవారు ఇంట్లో ఎందుకు పడతారు? గదిలో వారి మనసంతా నడక మీదే ఉంటుంది. ఇంట్లో అలా ఉండదు. పొయ్యి మీద పాలు పొంగుతుంటాయి, మనవడు పిలుస్తుంటాడు, ఫోను మోగుతుంటుంది. నడుస్తూ ఉండగా ఎవరైనా పలకరిస్తే ఆగి మాత్రమే జవాబివ్వగల వృద్ధులకు ముప్పు ఎక్కువని స్వీడన్ పరిశోధకులు 1997లో గమనించి ప్రకటించారు. అందుకే ఇప్పుడు నడిపిస్తూనే అంకెలు వెనక్కి లెక్కించమంటారు. అడుగుల వేగం ఎంత తగ్గుతుందో చూస్తారు.

తూలినప్పుడు తమాయించుకునే శక్తినీ పరీక్షించాలి. రోగి థెరపిస్టు చేతుల మీదికి ఒరుగుతాడు, థెరపిస్టు ఆ చేతులను హఠాత్తుగా తీసేస్తాడు. ఒక్క అడుగు వేసి నిలదొక్కుకున్నాడా, నాలుగైదు అడుగులు తడబడ్డాడా, అసలు అడుగే వేయలేదా? సమతౌల్యమంటే కదలకుండా నిలబడటమే కాదు, తూలినప్పుడు సకాలంలో అడుగు వేయగలగడం కూడా.

లోపలి చెవిలో దారి తప్పిన రేణువులు

పక్కకు ఒత్తిగిలినప్పుడు, సజ్దాలోకి వెళ్లినప్పుడు, పైకి చూసినప్పుడు ఒక్కసారిగా గది తిరిగిపోయి, కాసేపటికి సర్దుకునే బాధ చాలామందిలో ఉంటుంది. దాన్ని గాలిసోకడమనో, నీరసమనో, పైత్యమనో భావించి ఏళ్లు గడిపేస్తారు. లోపలి చెవి సంచులలో ఉండవలసిన సున్నపు రేణువులు అర్ధచంద్రాకార నాళికలోకి జారిపోవడమే దీనికి కారణం.

1952లో లండన్ వైద్యులు మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ దీన్ని గుర్తించే పద్ధతిని వివరించారు. రోగిని బల్లమీద కూర్చోబెట్టి, తలను ఒక పక్కకు 45 డిగ్రీలు తిప్పి, చప్పున వెల్లకిలా పడుకోబెడతారు. తల బల్ల అంచుకు కొంచెం కిందికి వాలుతుంది. కొన్ని సెకన్లకు కనుగుడ్లు ఒక ప్రత్యేక రీతిలో అదురుతాయి. అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ పేరు మీద ఉన్న పద్ధతిలో తలను క్రమపద్ధతిలో తిప్పి ఆ రేణువులను వాటి చోటికి చేరుస్తారు. ఒకటి రెండు సార్లతోనే ఎక్కువమందికి ఉపశమనం లభిస్తుంది. అయితే మెడ నొప్పి, మెడ ఎముకల అరుగుదల ఉన్నవారికి దీన్ని జాగ్రత్తగా చేయాలి. వీడియో చూసి ఇంట్లో ప్రయత్నించవలసిన పని కాదు.

మార్కులు తీర్పు కావు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పక్షవాతం వచ్చిన ఒకరికి, పార్కిన్‌సన్ వ్యాధి ఉన్న ఒకరికి, మోకాలి చిప్ప మార్పిడి జరిగిన ఒకరికి బెర్గ్ పరీక్షలో సరిగ్గా ఒకే మార్కులు రావచ్చు. వారికి చేయవలసిన చికిత్స మాత్రం మూడు విధాలు. పక్షవాతంలో కొందరికి శరీరంలో ఎడమవైపు అనేది ఉన్నదన్న ధ్యాసే పోతుంది. మెదడు కుడిభాగం దెబ్బతిన్నవారిలో ఇది ఎక్కువ. మరికొందరు బాగున్న చేత్తో తమను తామే బలహీనమైన వైపుకు నెట్టుకుంటారు. పార్కిన్‌సన్ రోగి గదిలో నడిచి, గుమ్మం దగ్గరకు రాగానే పాదాలు నేలకు అతుక్కుపోయినట్లు ఆగిపోవచ్చు. మందు పనిచేస్తున్న వేళ ఒకలా, దాని ప్రభావం తగ్గిన వేళ మరొకలా ఉంటాడు. కాబట్టి ఏ వేళ పరీక్షించారన్నది కూడా రాసి ఉంచాలి. పూర్తి మార్కులు వచ్చినవారు ఎన్నడూ పడరని కాదు, తక్కువ వచ్చినవారు తప్పక పడతారనీ కాదు. ఎక్కడ లోపముందో, నెల తరువాత ఎంత మెరుగుపడ్డారో చెప్పడానికే మార్కులు.

మరొకటి కొలవవలసింది ఉంది. అది భయం. పడతామన్న భయంతో నడక మానేసినవారి కండరాలు క్షీణిస్తాయి. కండరాలు క్షీణించినవారు నిజంగానే పడతారు. పడినందుకు భయం రెట్టింపవుతుంది. మన కథలోని దాదీ ఇంట్లో జరిగింది ఇదే. అయితే అక్కడ భయం ఆమెది కాదు, ఆమె బిడ్డలది.

అందుకే పరీక్షకు వెళ్లినప్పుడు వెంట వెళ్లినవారు పెద్దల తరఫున జవాబులు చెప్పకూడదు. “మా అమ్మీ నడవలేరు” అని కొడుకు ప్రకటిస్తే ఆమె మౌనం వహిస్తుంది. స్త్రీలకు మహిళా థెరపిస్టు కావాలనుకుంటే సంకోచించక ముందే అడగాలి. బయటికి వెళ్లేటప్పుడు బుర్ఖా ధరించేవారిని ఆ దుస్తులలోనూ నడిపించి చూడమని కోరవచ్చు. కిందికి జీరాడే అంచు కాలికి తగులుతోందా అన్నది కూడా పరీక్షలో భాగమే.

నిలబడగలరా, లేరా?

నిలబడి నమాజు చేయలేనివారికి కూర్చుని చేసే వెసులుబాటు ధర్మం ఇచ్చిందని అందరికీ తెలుసు. కాని “చేయలేను” అన్నది ఎవరు తేల్చాలి? ఇక్కడ రెండు రకాల పొరపాట్లు జరుగుతుంటాయి. నిలువలేని స్థితిలోనూ బిడియంతోనో పట్టుదలతోనో నిలబడి పడిపోయేవారు కొందరు. నిలబడగల శక్తి ఉన్నా ఇంటివారి భయం వల్ల కుర్చీకి పరిమితమైపోయేవారు కొందరు. మొదటివారు ఎముక పోగొట్టుకుంటారు. రెండవవారు తమ శక్తినీ, కొన్నాళ్లకు తమపై తమకున్న నమ్మకాన్నీ పోగొట్టుకుంటారు. సరైన పరీక్ష ఈ ఇద్దరికీ న్యాయం చేస్తుంది. ఎంతసేపు నిలబడగలరు, ఆసరాతో నేలమీదనుండి లేవగలరా, ఏ దశలో ముప్పు ఉంది అన్నది వైద్యపరంగా తేలితే, ఆపై ఆలిమ్‌ను అడిగే ప్రశ్న కూడా స్పష్టంగా ఉంటుంది.

కాబట్టి థెరపిస్టు “మీకు ఏం చేయగలగాలని ఉంది?” అని అడిగినప్పుడు “నొప్పి తగ్గాలి” అని సరిపెట్టవద్దు. “సజ్దా చేసి నా అంతట నేను లేవాలి”, “మస్జిద్ మెట్లు ఎక్కాలి”, “రాత్రిపూట ఎవరినీ లేపకుండా స్నానాల గదికి వెళ్లిరావాలి” అని చెప్పండి. అప్పుడు పరీక్షా, వ్యాయామమూ ఆ లక్ష్యం వైపు సాగుతాయి.

పరీక్ష తరువాత

పడిపోవడాన్ని నివారించే వ్యాయామాలపై జరిగిన శతాధిక అధ్యయనాలను కాక్రేన్ సంస్థ 2019లో సమీక్షించింది. క్రమం తప్పని వ్యాయామం వృద్ధులు పడే సందర్భాలను దాదాపు నాలుగో వంతు తగ్గిస్తుందని తేలింది. కుర్చీలోనుండి లేచి కూర్చోవడం, వంటగట్టు పట్టుకుని మడమలెత్తడం, గోడ దగ్గర నిలబడి కాలు పక్కకు చాచడం, ఒకదాని ముందు ఒక పాదం ఉంచి నిలబడటం వంటివి ఇందులో ఉంటాయి. ఎవరికి ఏది, ఎన్నిసార్లు అన్నది పరీక్ష ఫలితాన్నిబట్టి నిర్ణయించాలి.

ఇంట్లో చేసుకోవలసిన మార్పులకు పెద్ద ఖర్చు లేదు. వుజూ చేసే చోట కూర్చోవడానికి కదలని పీట, చేతికందే ఎత్తులో గోడకు బిగించిన కడ్డీ, మంచం నుండి స్నానాల గది వరకు రాత్రి వెలిగే చిన్న దీపం, వెనుక పట్టీ ఉన్న చెప్పులు చాలు. నున్నని టైల్స్ మీద పరచిన జానమాజు జారకుండా అడుగున రబ్బరు వల వేయాలి. రమజాన్ రాకముందే మధుమేహ, రక్తపోటు రోగులు మందుల వేళలను వైద్యునితో మాట్లాడి మార్చుకోవాలి. పగలంతా నీరు అందక, చక్కెర తగ్గి తూలే ప్రమాదం ఉంది.

ఒక్క విషయంలో మాత్రం ఏ పరీక్షకోసమూ ఆగకూడదు. అకస్మాత్తుగా తూలుతూ, దానితోపాటు మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఒక చేయి లేదా కాలు పట్టు తప్పడం, వస్తువులు రెండుగా కనిపించడం, భరించలేని తలనొప్పి వంటివి ఏవి కనిపించినా అది పక్షవాతం కావచ్చు. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. పడిపోయాక తల దెబ్బ తగిలినవారిని, రక్తం పలుచబరిచే మందులు వాడుతున్నవారిని కూడా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

దాదీ వంటి వారిని పరీక్షిస్తే సాధారణంగా ఒక్క కారణం కాదు, నాలుగైదు బయటపడతాయి. పాదాల స్పర్శ తగ్గింది, లేవగానే రక్తపోటు పడిపోతోంది, తుంటి కండరాలు నీరసించాయి, కుళాయి దగ్గర దీపం లేదు. ఇందులో పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు. మిగిలిన మూడూ సరిదిద్దగలిగినవే. కూర్చుని పాదాలు కడుక్కుని, గోడ పక్కన నిలబడి నమాజు మొదలుపెట్టడం ఆమెకు మళ్లీ సాధ్యమే.

ఈ రాత్రి మీ ఇంట్లోని పెద్దల పక్కన కాసేపు కూర్చోండి. “మీరు పడ్డారా?” అని అడగకండి, లేదనే అంటారు. “ఈమధ్య ఎక్కడైనా గోడ పట్టుకోవలసి వచ్చిందా?” అని అడగండి. జవాబు వచ్చేదాకా లేవకండి.